కొండ రైలుకు ఇరవై ఐదో మనిషి

1986 జనవరిలో నన్ను బాపట్ల బుకింగ్ కౌంటరు నుంచి తెనాలి స్టేషన్ రిజర్వేషన్ కౌంటరుకు మార్చారు. హోదా పేరు ఎంక్వయిరీ కమ్ రిజర్వేషన్ క్లర్కు. పేరు పొడుగే కానీ పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. అడిగినవాళ్లకు రైళ్ల సంగతి చెప్పాలి, చోటు ఉంటే రాసివ్వాలి. నా పైన ఒక సూపర్‌వైజరు, ఆయన పైన స్టేషన్ సూపరింటెండెంటు ఉండేవారు. బాపట్లకు ముందు నేను పనిచేసింది రేపల్లెలో. తెనాలి నుంచి వచ్చే బ్రాంచి లైను అక్కడితో ఆఖరు. వచ్చిన రైలే వెనక్కి పోవాలి. అందువల్ల రెండు రైళ్ల మధ్య బుకింగ్ క్లర్కుకు కావలసినంత ఖాళీ దొరికేది.

ఆ ఖాళీలోనే నేను టైంటేబులు చదవడం నేర్చుకున్నాను. చదివింది పదో తరగతి. లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎన్ని దారులున్నాయి, ఏ జంక్షన్లో ఎంత వ్యవధి ఉంచుకోవాలి, ముందు రైలు ఆలస్యమైతే వెనక రైలు అందుతుందా అని కాగితం మీద వేసుకుంటూ ఉండేవాణ్ని. నేను చూడని ఊళ్ల మీదుగా ఎన్నో ప్రయాణాలు అలా చేశాను. కంప్యూటర్లు వచ్చాక ఆ పని యంత్రానికి పోయింది. నేను ముందుగానే విరమణ తీసుకుని తెనాలిలోనే స్థిరపడ్డాను. కంప్యూటరు రాకముందు ఒక గుంపు ప్రయాణాన్ని ఎలా కుదిర్చేవాళ్లమో ఇప్పటివాళ్లకు తెలియదు కనుక ఒక ఉదాహరణ చెబుతాను.

అప్పట్లో రిజర్వేషన్ పుస్తకంలో ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి ఒక్కో పేజీ ఉండేది. ప్రతి స్టేషనుకూ ఇన్ని బెర్తులని కేటాయింపు. దాన్ని కోటా అంటారు. మన కోటాలో ఉన్నవి మనమే రాసిచ్చేవాళ్లం. వేరే స్టేషను నుంచి బయలుదేరే రైల్లో చోటు కావాలంటే ఆ స్టేషనుకు తంతి ద్వారా సందేశం పంపి జవాబు కోసం ఎదురుచూడాలి. జవాబు రావచ్చు, ఆలస్యం కావచ్చు, అడిగినదాంట్లో కొంతే రావచ్చు. ఒక ఫారంలో ఆరుగురి పేర్లకు మించి రాయకూడదు. గుంపు పెద్దదైతే సూపరింటెండెంటు అనుమతి కావాలి.

ఆ సంవత్సరం మార్చిలో ఒక మధ్యాహ్నం సుగుణమ్మగారు కిటికీ దగ్గరికి వచ్చారు. రేపల్లెలో ఒక బాలికల పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్. నేను రేపల్లెలో ఉన్నప్పటి నుంచి పరిచయం. ఆమె వెనక ఒక పెద్ద గోనె సంచిని గోడకు ఆనించి యాభై ఏళ్ల మనిషి ఒకామె నిలబడింది. ఆ బడి హాస్టలులో వంట చేసే రాహేలమ్మ. తెనాలిలో వంటపాత్రలకు కళాయి పూయించడానికి వచ్చి, టీచరమ్మగారితో స్టేషనుకు కూడా వచ్చింది.

సుగుణమ్మగారి బడిలో పన్నెండు మంది, బాపట్లలో వాళ్ల స్నేహితుల బడిలో పన్నెండు మంది టీచర్లు కలిసి వేసవి సెలవుల్లో ఊటీ వెళ్లాలనుకున్నారు. ఊటీ అంటే వాళ్ల దృష్టిలో ఊరు కాదు, కొండ రైలు. మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా కొండ మీదికి పాకే ఆ చిన్న రైలు ఎక్కాలి. మిగతావి చూసినా చూడకపోయినా ఫరవాలేదన్నారు. ఊటీలో ఒక చర్చి వెనక హాలు ఇస్తామన్నారట. పడుకోవచ్చు, వండుకోవచ్చు, కానీ పాత్రలు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.

మన వైపు గుంపు ప్రయాణాలు తెలిసినవారికి ఇది వింత కాదు. వేళాంగణ్ణి అయినా, తిరుపతి అయినా, బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, గుండిగలు, వంటమనిషి లేకుండా బస్సు కదలదు. హోటలు భోజనం ఒకపూట అయితే సరదా, రెండో పూటకు నీరసం.

నేను ఫారాలు తీశాను. "ఎంతమందండి?" అన్నాను.

"ఇరవై నలుగురు అండి."

నాలుగు ఫారాలు సరిగ్గా సరిపోతాయి. అలా సరిపోయిన లెక్కంటే నాకు ఇష్టమే. అయినా గోనె సంచి వైపు చూసి, వంటామె కూడా వస్తున్నారా అని అడిగాను.

"రాకపోతే ఎలా అండి? మెట్టుపాళయం దాకా ఆమెకూ రాయండి. కొండ రైలుకు అక్కర్లేదు. గుండిగలు ఆ చిన్న రైల్లో పట్టవటగా, సామాను తీసుకుని ఆమె బస్సులో వచ్చేస్తుంది."

ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. కొండ రైలు సామాను పెట్టెలో చోటు తక్కువ. గంగాళాలు, గుండిగలు ఎక్కించుకోరు. పైగా బస్సు ఆ రైలు కంటే చాలా ముందుగా పైకి చేరుతుంది. రైలు దిగేసరికి అన్నం సిద్ధంగా ఉండాలంటే వండే మనిషి ముందే చేరాలి. నేను ఐదో ఫారం తీసి ఒకే పేరు రాశాను. మెట్టుపాళయం వరకు అని.

అప్పటిదాకా మాట్లాడని రాహేలమ్మ కిటికీ దగ్గరికి జరిగింది. "బాబూ, ఆ రైలు కొండెక్కేటప్పుడు వెనక్కి జారదా?"

ఇరవై నలుగురి కోసం వచ్చిన ప్రశ్నల్లో ఛార్జీ, తేదీ, కిటికీ సీటు ఉన్నాయి కానీ ఇది లేదు. నాకు తెలిసినంత చెప్పాను. పట్టాల మధ్య పళ్లున్న ఇనుప కడ్డీ ఉంటుంది. ఇంజను కింద పళ్ల చక్రం ఉంటుంది. పన్ను పన్నునూ పట్టుకుంటూ ఎక్కుతుంది. ఇంజను ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, దిగేటప్పుడు ముందుండి ఆపుతూ దిగుతుంది.

"అంటే నిచ్చెన ఎక్కే మనిషిని కింద నుంచి ఇంకొకడు పట్టుకున్నట్టు."

"సరిగ్గా అంతే."

"అది చూడాలి బాబూ. నాకూ రాయకూడదూ ఒక టికెట్టు?"

సుగుణమ్మగారు నవ్వి, "బాగుంది, నువ్వు రైల్లో కూర్చుంటే గుండిగలు కొండెక్కి వస్తాయా నడుచుకుంటూ?" అన్నారు. రాహేలమ్మ కూడా నవ్వింది. సంచి తల మీదికి ఎత్తుకుని వెళ్లిపోయింది. ఐదో ఫారం అలాగే ఉండిపోయింది.

నేను సందేశాలు పంపాను. మద్రాసు దాకా మా కోటాలోనే కుదిరింది. బాపట్లవాళ్లు తెనాలి రానక్కరలేకుండా, అదే రైలు బాపట్లలో ఎక్కుతారని చార్టులో రాయించాను. దీన్ని బోర్డింగ్ మార్పు అంటారు. అది రాయించకపోతే తెనాలి దాటగానే టికెట్ ఎగ్జామినరు ఆ బెర్తులు ఖాళీ అనుకుని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడు. మద్రాసు నుంచి మెట్టుపాళయం వెళ్లే రాత్రి బండికి జవాబు వచ్చింది, అందరికీ చోటు ఉంది. కొండ రైలు జవాబే రాలేదు. రెండోసారి పంపాను. మూడో వారంలో వచ్చింది. ఎక్కడానికి పన్నెండు, దిగడానికి పన్నెండు. వేసవి రద్దీ, అంతకంటే లేవు.

సుగుణమ్మగారికి కబురు పంపితే శనివారం నాడు వచ్చారు. బాపట్ల నుంచి కమలకుమారి టీచరు వచ్చారు. ఆమె అక్కడి గుంపుకు పెద్ద. వయసులో చిన్న, నోట్లో పెద్ద. కళాయి పూసిన పాత్రలు తీసుకెళ్లడానికి రాహేలమ్మ కూడా వచ్చింది. వెయిటింగ్ రూములో బల్ల దగ్గర కూర్చున్నాం.

"ఇంకేముంది, మానేద్దాం," అన్నారు సుగుణమ్మగారు. "సగంమంది ఎక్కి సగంమంది మొహాలు చూసుకోవడం నాకిష్టం లేదు."

అప్పటికే నేను ఒక దారి వేసి ఉంచాను. పన్నెండు మంది రైల్లో ఎక్కి బస్సులో దిగాలి. పన్నెండు మంది బస్సులో ఎక్కి రైల్లో దిగాలి. అందరికీ ఒకసారి రైలు, ఒకసారి బస్సు. ఎవరికీ తక్కువ కాదు.

"ఎక్కడం, దిగడం ఒకటేనా అండి?" అన్నారు కమలకుమారి. "ఎక్కడమే కదా గొప్ప."

"అయితే మీరే ఎక్కండి," అన్నారు సుగుణమ్మగారు. "మేం రేపల్లెవాళ్లం. ఎక్కిన రైల్లోనే వెనక్కి రావడం మాకు అలవాటే."

బాపట్లవాళ్లు రైల్లో ఎక్కుతారు. రేపల్లెవాళ్లు రాహేలమ్మతో, సామానుతో బస్సులో ముందు చేరి వంట అందుకుంటారు. దిగేటప్పుడు రేపల్లెవాళ్లు రైలు, బాపట్లవాళ్లు బస్సు. ఇక్కడికి ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను కాగితం మడవలేదు. ఆ విభజన చేసినప్పటి నుంచి నాకు ఒక సంగతి కనబడుతూనే ఉంది. మొదటి పథకంలో బస్సులో వెళ్లే మనిషి రాహేలమ్మ ఒక్కతే. అందుకే పాత్రలు ఆమెను వదలవు. ఇప్పుడు రెండు వైపులా బస్సులో పన్నెండు మంది ఉన్నారు. దిగేటప్పుడు పాత్రలు బాపట్ల గుంపుతో రావచ్చు. రాహేలమ్మకు బస్సుతో పని లేదు.

ఆ మాటే చెప్పాను.

సుగుణమ్మగారు వెంటనే, "సీట్లు పన్నెండేగా అండి. మేమే పన్నెండు మందిమి," అన్నారు.

"రిజర్వేషన్ లేని పెట్టె ఒకటి ఉంటుందండి. ఆ రోజే, స్టేషన్లోనే టికెట్లు ఇస్తారు. వరసలో ముందున్నవాళ్లకు దొరుకుతుంది. పన్నెండు మందికి దొరుకుతుందని చెప్పలేను. ఒక్కరికి దొరకవచ్చు. కానీ చాలా ముందు వెళ్లి నిలబడాలి."

"భోజనాలయ్యాక అంట్లు ఎవరు తోముతారు?" అన్నారామె.

అసలు చిక్కు అక్కడే. రైలు మధ్యాహ్నం బయలుదేరుతుంది. భోజనాలయ్యి, పాత్రలు తోమి, మూటలు కట్టి వెళితే వరస అప్పటికే గేటు దాటి ఉంటుంది. నా కాగితంలో దానికి జవాబు ఉంది. రైలు కంటే గంట తరువాత బయలుదేరినా బస్సు ముందే కిందికి చేరుతుంది. అంటే బస్సులో వచ్చేవాళ్లకు ఆ మధ్యాహ్నం ఊటీలో ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పాత్రలు తోమవచ్చు.

కమలకుమారికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "అంటే రేపల్లె వంటమనిషి రైలెక్కడానికి బాపట్ల టీచర్లు గుండిగలు తోమాలా?"

"తినేది మీరూ కాదేంటి?" అన్నారు సుగుణమ్మగారు. కానీ ఆమె ముఖంలోనూ ఆ లెక్క మీద ఇష్టం కనబడలేదు. నా వైపు తిరిగి, "రాహేలమ్మ ఏమీ అనుకోదండి. ఆమెకు అలవాటే. ఎన్ని ప్రయాణాలకు వచ్చిందో," అన్నారు.

"వచ్చానమ్మా," అంది రాహేలమ్మ. ఆమె గుమ్మం దగ్గర గోనె సంచి మీదే కూర్చుని ఉంది. "నాగార్జునసాగర్ వచ్చాను. డ్యామ్ ఎటుందో నాకు తెలీదు, పొయ్యి ఎటుందో తెలుసు. వేళాంగణ్ణి రెండుసార్లు. సముద్రం గాలి వచ్చింది, మంట ఆరిపోతుందని తడిక అడ్డం పెట్టాను. హైదరాబాదులో జూ బయట వండాను. పులి అరుపు విన్నాను."

కోపంగా అనలేదు. నవ్విస్తున్నట్టే అంది, కమలకుమారి నవ్వేశారు కూడా. నవ్వు పూర్తికాకముందే ఆగిపోయారు. సుగుణమ్మగారు బల్ల మీద ఉన్న కాగితాన్ని తన వైపు తిప్పుకుని చదవడం మొదలుపెట్టారు. చాలాసేపు చదివారు. అందులో అంత రాసి లేదు.

"కమలా, తోముతారా?" అన్నారు చివరికి.

"సుగుణక్కా, నువ్వు అడిగితే కాదంటానా. మాడు మాత్రం ఉండకూడదు. ముందే చెప్తున్నా."

"నా వంటలో మాడేంటి టీచరమ్మా!" అంది రాహేలమ్మ. అంతలోనే ఆమె ముఖం మారింది. సంచి మీద చెయ్యి వేసి, "కొత్త కళాయి అమ్మా. ఇసక వేసి రుద్దేస్తారేమో," అంది. రైలు కావాలి, పాత్రలు పరాయి చేతికి ఇవ్వడమూ కష్టమే. ఆ రెండింటి మధ్య ఆమె కొంతసేపు ఊగింది. తరువాత తనే ఒక దారి చెప్పింది. ఆఖరి రోజు పులిహోర, పెరుగన్నం. కూరలు, పప్పు ఉండవు. పొద్దున్నే కలిపేసి పెడితే వడ్డించడానికి ఎవరైనా చాలు. అడుగంటేది ఏమీ ఉండదు. చింతపండుతో తోమితే చాలు.

వంట సంగతి నాకు తెలియదు. అంట్ల సమయం సగానికి తగ్గుతుందని మాత్రం అర్థమైంది. కాగితం మీద దిద్దాను. దొరుకుతుందని హామీ ఇవ్వలేనని మళ్లీ చెప్పాను. దొరక్కపోతే ఆమె బాపట్లవాళ్లతో బస్సులో రావాలి, అందుకు బస్సు వెళ్లేలోపు హాలుకు తిరిగి వచ్చే వ్యవధి ఉందని కూడా రాశాను. గుంపు పథకంలో మొదటిది కుదరకపోతే రెండోది ఏమిటో రాసి ఉండాలి. లేకపోతే ప్లాట్‌ఫారం మీద తగువులు పుడతాయి.

మే నెలలో వాళ్లు బయలుదేరిన రోజు నాకు డ్యూటీ ఉంది. రేపల్లె పాసింజరు దిగి వచ్చారు. పాత్రలు లగేజీగా తూచి, రసీదు రాసి, గార్డు పెట్టెలో ఎక్కించారు. రాహేలమ్మ ఆ పెట్టె తలుపు మూసేదాకా అక్కడి నుంచి కదలలేదు. వెళ్లేముందు నేను ఆమెకు ఒక్క జాగ్రత్త చెప్పాను. రేపల్లె పాసింజరులో జనం ఎక్కకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనదే. ఎవరూ కాదనరు. ఊటీలో అలా కుదరదేమో, వరసలోనే నిలబడమన్నాను.

"రేపల్లె బండిలో పండగ రోజు సీటు సంపాదించినదాన్ని బాబూ. నాకు చెప్తావా," అంది.

వారం రోజుల తరువాత మద్రాసు బండి తెనాలిలో ఆగేసరికి నేను కౌంటరులోనే ఉన్నాను. బాపట్లవాళ్లు ముందే దిగిపోయారు కనుక రేపల్లె పన్నెండు మందీ, రాహేలమ్మా దిగారు. పాసింజరుకు ఇంకా వ్యవధి ఉంది. సుగుణమ్మగారు కిటికీ దగ్గరికి వచ్చి, ఎక్కడా ఇబ్బంది రాలేదని, అన్నీ కాగితంలో రాసినట్టే జరిగాయని చెప్పారు. నేను అడగవలసింది అడిగేలోపే వెనక నుంచి రాహేలమ్మ గొంతు వినబడింది.

"కళాయి పోగొట్టారు బాబూ! చింతపండు పొట్లం కట్టి మరీ ఇచ్చి వెళ్లాను. సబ్బు పొడి వేసి, కొబ్బరి పీచు పెట్టి రుద్దారట. బాపట్ల చదువులు!"

"శుభ్రంగానే ఉన్నాయి కదే," అన్నారు సుగుణమ్మగారు.

"శుభ్రంగానే ఉన్నాయి. అద్దంలా ఉన్నాయి. కళాయే లేదు."

రైలు సంగతి ఏమైందని అడిగాను.

సుగుణమ్మగారే చెప్పారు. పులిహోర కలిపి, గిన్నె మీద మూత పెట్టి, ఎవరికోసమూ ఆగకుండా రాహేలమ్మ స్టేషనుకు వెళ్లిపోయిందట. వీళ్లు భోజనాలు చేసి వెళ్లేసరికి టికెట్టు చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. అన్నం తినలేదు. తను కలిపిన పులిహోర తను రుచి చూడలేదు.

"తువ్వాలు వేశారా?" అన్నాను.

"వేశాను బాబూ," అంది రాహేలమ్మ. "టికెట్టు ఉందిగా అని ధైర్యం. ఒక యూనిఫారం ఆయన తీసుకొచ్చి చేతికిచ్చాడు. కసరలేదు. నాలుగు మడతలు పెట్టి మరీ ఇచ్చాడు. ఎక్కాక ఆయనే చూపించాడు, ఇక్కడ కూర్చోమని."

"వెనక్కి జారిందా?"

"జారలేదు. నువ్వు చెప్పినట్టే ఇంజను ముందుంది, ఆనుకుని దిగింది. మలుపులో కనబడుతుంది, ఒళ్లంతా ఆవిరి. పట్టాల మధ్య పళ్లు కూడా చూశాను, ఆగినప్పుడు వంగి." కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. "కానీ బాబూ, అది కాదు. ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఉప్పు ఏది, నీళ్లు కాగాయా, ఇంకా ఎంతసేపు అని ఒక్కరు కూడా. పక్కనామెకు నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అలా కూర్చోవడం మొదట్లో రాలేదు. తరువాత వచ్చింది."

పాసింజరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఆమె మాట మధ్యలో ఆపి పరుగున వెళ్లి ఒక కిటికీలోంచి తువ్వాలు విసిరింది. సుగుణమ్మగారికి సీటు పట్టడానికి.

ఆ తరువాత నేను రిజర్వేషన్ కౌంటరులో మరో పదేళ్లకు పైగా పనిచేశాను. బడుల గుంపులు, చర్చి గుంపులు, దుగ్గిరాల పసుపు వ్యాపారుల కుటుంబాలు, చీరాల నుంచి బట్టల దుకాణంవాళ్లు చాలామంది వచ్చారు. అందరూ మనుషుల సంఖ్య ముందే చెబుతారు. ఆ సంఖ్య దాదాపు ఎప్పుడూ ఫారాల్లో చక్కగా సరిపోతుంది. రాసుకునే ముందు నేను రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను. వంట ఎవరు చేస్తున్నారు? ఆ మనిషిని లెక్కలో వేశారా? చాలాసార్లు అవతలివాళ్లు వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకునేవాళ్లు. నేను ఇంకో ఫారం తీసేవాణ్ని.